ఊరు దాచుకునే హక్కు: చాట్ ఛానల్లో మీ చిరునామా ఎవరెవరికి కనిపిస్తుంది?

తమిళనాడులో వేలూరు దగ్గరున్న గుడియాత్తంలో ఒక ఇంట్లో కూర్చుని ఒకమ్మాయి ఐఆర్‌సీ చాట్ నెట్‌వర్కులో ఏదో ఒక ఛానల్, అంటే చాట్ గది, తెరిచిందనుకుందాం. నిక్, అంటే చాట్‌లో వాడే పేరు, 'మల్లి' అని పెట్టుకుంది. మరుక్షణం ఆ ఛానల్లో ఉన్న అందరి తెరల మీదా ఇలాంటి వరుస ఒకటి పడుతుంది:

మల్లి!మల్లి@203.0.113.57 ఛానల్లోకి వచ్చారు

మొదటి ముక్క నిక్. రెండోది యూజర్ పేరు. '@' గుర్తు తరవాత ఉన్నది హోస్ట్ చిరునామా, అంటే ఆ క్షణాన ఆమె కంప్యూటర్‌కు ఇంటర్నెట్‌లో ఉన్న ఐపీ చిరునామా. మల్లి అన్న పేరు ఆమె ఏరికోరి పెట్టుకున్నది. చిరునామా మాత్రం ఆమె ఎంచుకున్నదీ కాదు, చూపించమని అడిగిందీ కాదు. ఛానల్ బయట ఉన్నవాళ్ళు కూడా 'హూఈజ్' అనే ఆదేశం ఇచ్చి దాన్ని చూడగలరు. పైన రాసిన అంకెలు ఎవరివీ కావు. పుస్తకాల్లో ఉదాహరణల కోసమని ప్రత్యేకంగా పక్కన పెట్టిన చిరునామాల్లో అదొకటి.

ఈ ఒక్క వరుస చాట్ నెట్‌వర్కులు నడిపేవాళ్ళను ఏళ్ళ తరబడి ఆలోచనలో పడేసింది. చిరునామా చూపిస్తే మనిషికి ముప్పు. పూర్తిగా చెరిపేస్తే ఛానల్‌కు ముప్పు, ఎందుకంటే అల్లరి చేసి బయటికి గెంటించుకున్నవాడు కొత్త పేరుతో మళ్ళీ వస్తే ఆనవాలు పట్టే దారి ఉండదు. మనిషి ఎక్కడివాడో చెప్పకుండా, నిన్నటి మనిషే ఈ రోజూ వచ్చాడని మాత్రం చెప్పగలిగే గుర్తు కావాలి. అలాంటి గుర్తును గణితం ఇవ్వగలదు. అదెలా పనిచేస్తుందో, ఎక్కడ చిల్లు పడుతుందో తెలుసుకోవడం ఐఆర్‌సీ పేరు విననివాళ్ళకు కూడా అవసరమే. మన జేబుల్లోని ఫోన్లు ఈ రోజుకీ అదే చిక్కుతో వేగుతున్నాయి.

నమ్మకం మీద కట్టిన నెట్‌వర్కు

ఐఆర్‌సీని 1988 ఆగస్టులో ఫిన్లండ్‌లోని ఊలు విశ్వవిద్యాలయంలో యార్కో ఓయికరినెన్ తయారుచేశాడు. అప్పట్లో ఇంటర్నెట్ వాడేది ఎక్కువగా విశ్వవిద్యాలయాలవాళ్ళూ పరిశోధన సంస్థలవాళ్ళూ. హోస్ట్ చిరునామా కనబడితే ఫలానా విశ్వవిద్యాలయంలోని ఫలానా కంప్యూటరు ముందు కూర్చున్నారని తెలిసేది. ఎవరైనా హద్దు మీరితే ఆ సంస్థ నిర్వాహకుడికి ఒక ఉత్తరం రాస్తే సరిపోయేది. అందుకే 1993 మేలో ఓయికరినెన్, డారెన్ రీడ్ కలిసి ఐఆర్‌సీ నియమాలను పత్రంగా రాసినప్పుడు నిక్, యూజర్, హోస్ట్ అనే మూడు ముక్కల వరుస అందులో సహజంగా కుదిరిపోయింది. ఛానల్ పెద్దలు ఒకరిని బ్యాన్ చేయాలంటే రాసేది కూడా ఆ వరుస నమూనానే. '*!*@203.0.113.*' అని రాస్తే, నిక్ ఏదైనా సరే, ఆ మూడు సంఖ్యలతో మొదలయ్యే చిరునామాలన్నిటికీ తలుపు మూసుకున్నట్టే.

మన దేశంలో సామాన్య జనానికి ఇంటర్నెట్ 1995 ఆగస్టు 15న వీఎస్‌ఎన్‌ఎల్ ద్వారా వచ్చింది. ఆ తరవాత ఊరూరా బ్రౌజింగ్ సెంటర్లు వెలిశాయి. అప్పటికి నెట్‌వర్కులో ఉన్నవాళ్ళు ఒకరికొకరు పూర్తిగా కొత్త. వాళ్ళ మీద ఉత్తరం రాయడానికి విశ్వవిద్యాలయం లేదు. చిరునామాను అందరికీ చూపించే పాత అలవాటు మాత్రం అలాగే మిగిలింది.

దాని ఫలితం 1997 నాటికే కనబడింది. ఆ ఏడాది 'విన్‌న్యూక్' అనే చిన్న ప్రోగ్రాం ఇంటర్నెట్‌లో పాకింది. ఎదుటివాడి ఐపీ చిరునామా తెలిస్తే చాలు, 139వ పోర్టుకు ఒక వంకర ప్యాకెట్ పంపితే విండోస్ 95 కంప్యూటరు నీలం తెర చూపించి ఆగిపోయేది. ఛానల్లో మాటకు మాట పెరిగితే కొందరు ఈ పనికి దిగేవాళ్ళు.

ఇంకో దాడి మోడెమ్ మీద. మూడు ప్లస్ గుర్తులు, వాటి వెనక ఏటీహెచ్0 అనే అక్షరాలు కలిస్తే 'ఫోన్ పెట్టెయ్' అని మోడెమ్‌కు ఆదేశం. పింగ్ అనే పలకరింపు ప్యాకెట్‌లో ఈ అక్షరాలు పెట్టి పంపితే, నియమం ప్రకారం కంప్యూటరు అవే అక్షరాలను తిరిగి జవాబుగా పంపుతుంది. ఆ జవాబు తన మోడెమ్ గుండానే బయటికి పోవాలి కదా. ప్లస్ గుర్తుల తరవాత కాసేపు ఆగి చూసే పద్ధతికి హేస్ కంపెనీ పేటెంట్ ఉండేది. ఆ పద్ధతి లేకుండా తయారైన మోడెమ్‌లు ఆ అక్షరాలను యజమాని ఆజ్ఞే అనుకుని లైను తెంపేసేవి. బాధితుడి కంప్యూటరు చేతే బాధితుడి ఫోన్ పెట్టించడానికి దాడి చేసేవాడికి కావలసింది ఒక్క చిరునామా.

ఆ మోడెమ్‌లూ ఆ విండోసూ పోయాయి. చిరునామా మీదికి ఒకేసారి వేల కంప్యూటర్ల నుంచి ప్యాకెట్ల వరద పంపి లైనును ముంచెత్తే దాడి మాత్రం ఇప్పటికీ ఉంది.

అంకెలు ఊరు పేరు చెబుతాయా?

ల్యాండ్‌లైన్ రోజుల్లో నంబరు చూసి ఊరు చెప్పేవాళ్ళం. 0416 అంటే వేలూరు, 04171 అంటే గుడియాత్తం, సరిహద్దు దాటితే 08572 అంటే చిత్తూరు. ఐపీ చిరునామా కూడా పైకి అలాగే కనిపిస్తుంది. ఎడమవైపు అంకెలు పెద్ద గుంపును చెబుతాయి, కుడివైపుకు వచ్చేకొద్దీ ఒక్కరి దగ్గరికి చేరతాం. తేడా ఒకటుంది. ఎస్టీడీ కోడ్ ఊరితో ముడిపడింది. ఐపీ చిరునామా ముడిపడింది కంపెనీతో. ఆసియా పసిఫిక్ ప్రాంతపు చిరునామాల రిజిస్ట్రీ ఏపీనిక్ గంపగుత్తగా చిరునామాలు కేటాయిస్తుంది. మన దేశానికి 2012 నుంచి ఐరిన్ అనే జాతీయ రిజిస్ట్రీ ఉంది. అక్కడ తీసుకున్న చిరునామాలను కంపెనీలు తమ వీలును బట్టి ఊళ్ళకు పంచుకుంటాయి. ఈ వారం వేలూరులో వాడిన చిరునామా వచ్చే వారం గుడియాత్తంలో ఒకరి రౌటర్‌కు రావచ్చు.

అందుకే చిరునామాను బట్టి ఊరు చెప్పే వెబ్‌సైట్లు చేసేది ఊహ. రౌటర్ల పేర్లు, సమాచారం ప్రయాణించిన సమయం, వాడకందారుల నుంచి సేకరించిన వివరాలు కలిపి ఒక అంచనా కడతాయి. గుడియాత్తం కనెక్షన్‌కు ఒకచోట వేలూరు అనీ ఇంకోచోట చెన్నై అనీ రావడం మామూలే. అదే సైట్లు ఇంకో చిరునామాకు ఊరిని సరిగ్గా చెప్పనూవచ్చు.

తప్పు చెప్పినా ముప్పు తప్పదు. అమెరికాలో మాక్స్‌మైండ్ అనే కంపెనీ, ఊరు తెలియని అమెరికా చిరునామాలన్నిటికీ దేశం నడిబొడ్డున ఒక బిందువును రాసిపెట్టింది. లెక్క తేలిగ్గా ఉండాలని అక్షాంశ రేఖాంశాలకు బదులు అటూఇటూగా ఉన్న పూర్ణాంకాలు వేసింది. ఆ బిందువు కాన్సస్ రాష్ట్రంలో పాట్విన్ అనే చిన్న ఊరి దగ్గర ఒక పొలంలో పడింది. 60 కోట్లకు పైగా చిరునామాలు ఆ ఒక్క పొలాన్నే చూపించాయి. మోసపోయినవాళ్ళు, పోలీసులు, పన్ను అధికారులు ఏళ్ళ తరబడి ఆ ఇంటి గుమ్మం తొక్కారు. 2016లో విలేఖరులు సంగతి బయటపెట్టాక, కంపెనీ ఆ బిందువును జరిపి ఒక చెరువు మధ్యలో పెట్టింది.

ఫోన్ కనెక్షన్లలో ఇంకో మెలిక ఉంది. పాత పద్ధతి చిరునామాలు, అంటే ఐపీవీ4 చిరునామాలు, ప్రపంచం మొత్తానికి సుమారు 429 కోట్లే. చాలక కంపెనీలు ఒక్క చిరునామా వెనక వందలు, వేల మందిని కూర్చోబెడతాయి. అక్కడ చిరునామా ఒక్కరిని చూపించదు. అదే చిరునామాను బ్యాన్ చేస్తే ఏ పాపం ఎరగనివాళ్ళంతా వెలిపడతారు. ఒకప్పుడు బ్రౌజింగ్ సెంటర్లలో జరిగిందీ ఇదే. కొత్త పద్ధతి ఐపీవీ6 వాడకంలో భారత్ ప్రపంచంలో ముందు వరుసలో ఉంది. అందులో చిరునామాలకు కొదవ లేదు కాబట్టి కనెక్షన్‌కు ఒకటి దొరుకుతుంది. దాంతో గుంపులో కలిసిపోయే వీలు మళ్ళీ తగ్గింది.

33 ప్రశ్నల లెక్క

ఊరు పేరు తెలిస్తే ఏం పోతుంది, ఇంటి నంబరు తెలియలేదు కదా అనేవాళ్ళుంటారు. దీనికి లెక్కతోనే జవాబు చెప్పొచ్చు.

ప్రపంచ జనాభా 800 కోట్లు దాటింది. అవును, కాదు అనే జవాబులు వచ్చే ప్రశ్నలే అడుగుతూ, ప్రతి ప్రశ్నతోనూ మిగిలినవాళ్ళను సగానికి సగం తగ్గించగలిగితే 33 ప్రశ్నల్లో ఏ ఒక్కరినైనా పట్టుకోవచ్చు. రెండును 33 సార్లు గుణిస్తే దాదాపు 859 కోట్లు వస్తుంది కాబట్టి అంతకు మించి ప్రశ్నలు అక్కర్లేదు. ఇప్పుడు ఊరు గుడియాత్తం అని తెలిసిందనుకోండి. 2011 జనగణన ప్రకారం ఆ మున్సిపాలిటీ జనాభా సుమారు 90 వేలు. అందులో ఒకరిని పట్టుకోవడానికి 17 ప్రశ్నలు చాలు. అంటే దాదాపు సగం ప్రశ్నలకు ఆ ఒక్క ఊరి పేరే జవాబు చెప్పేసింది. దాదాపు 5 లక్షల జనమున్న వేలూరుకు 19 ప్రశ్నలు కావాలి. 86 లక్షలు దాటిన చెన్నై మహానగరానికి 24.

మల్లి ఛానల్లో కబుర్లు చెబుతూ ఉంటుంది. ఇంట్లో తెలుగు మాట్లాడతామంటుంది. నాన్నది లుంగీల నేతపని అంటుంది. నర్సింగ్ చదువుతున్నానని, అక్క పెళ్ళి ఈ మధ్యే అయిందని, రోజూ రైల్లో కాట్పాడి వెళ్ళొస్తానని చెబుతుంది. అయిదు వివరాలు. ఒక్కోటి ఎనిమిది మందిలో ఒకరికి సరిపోయేదనుకుంటే, ఒక్కోటి మూడు ప్రశ్నలతో సమానం. ఒకదానితో ఒకటి సంబంధం లేనివనుకుంటే మొత్తం 15 ప్రశ్నలు తీరిపోయాయి. చెన్నైలో ఈ అయిదూ సరిపోయేవాళ్ళు ఇంకా 260 మందికి పైగా మిగులుతారు. గుడియాత్తంలో మిగిలేది ముగ్గురు. అక్కడి నుంచి ఎవరో ఒకరిని అడిగితే ఇల్లు చూపిస్తారు.

నెట్‌వర్కులు కట్టేవాళ్ళు ఎక్కువగా మహానగరాల్లో ఉంటారు. వాళ్ళ కళ్ళకు ఊరు పేరు చిన్న ఆనవాలులా కనిపించడం సహజం. ఊరు చిన్నదయ్యేకొద్దీ ఆ ఆనవాలు పెద్దదవుతుంది. వేలూరు, చిత్తూరు, పలమనేరు, గుడియాత్తం వంటి చోట్ల, నలుగురికీ నలుగురూ తెలిసిన చోట్ల, ఆడపిల్ల ఆన్‌లైన్‌లో ఒక మాట అంటే అది ఎవరి చెవిన పడుతుందోనని భయపడే చోట్ల, చిరునామా దాచుకోవడం రక్షణలో మొదటి మెట్టు.

ముసుగు ఎలా అల్లుతారు

అసలు చిరునామా స్థానంలో చూపించే గుర్తునే ముసుగు అంటాం. అందరికంటే ముందు తోచే ఉపాయం, చిరునామా బదులు వచ్చినప్పుడల్లా ఏదో ఒక కొత్త సంఖ్య చూపించడం. అప్పుడు అల్లరివాడు ఒకసారి బయటికి వెళ్ళి లోపలికి వస్తే కొత్త మనిషి అయిపోతాడు. బ్యాన్‌కు అర్థం ఉండదు.

రెండో ఉపాయం హ్యాష్. ఇది ఏ సమాచారాన్నయినా ముద్దచేసి నిర్ణీత పొడవున్న అక్షరాల వరుసగా మార్చే లెక్క. ఒకే చిరునామాకు ఎన్నిసార్లు వేసినా ఒకే ఫలితం వస్తుంది. చిరునామాలో ఒక్క అంకె మారినా ఫలితం గుర్తుపట్టలేనంతగా మారిపోతుంది. ఫలితం నుంచి వెనక్కి నడిచి చిరునామా చేరే దారి లేదు. మనకు కావలసిన రెండు గుణాలూ ఇందులో ఉన్నట్టే కనిపిస్తాయి.

చిక్కు చిరునామాల కొరతలో ఉంది. ఐపీవీ4లో ఉన్నవి 429 కోట్లే. వెనక్కి నడవాల్సిన పనేముంది? సున్నా నుంచి చివరిదాకా ప్రతి చిరునామాకూ అదే హ్యాష్ వేసుకుంటూ పోయి, మల్లి ముసుగుతో ఏది సరిపోయిందో చూస్తే చాలు. వీడియో గేముల కోసం కొనే గ్రాఫిక్స్ కార్డు ఇలాంటి లెక్కలు సెకనుకు వందల కోట్లు చేస్తుంది. ముసుగు కొన్ని సెకన్లలో ఊడిపోతుంది.

మూడో ఉపాయం దీన్ని చక్కదిద్దుతుంది. చిరునామాకు ఒక రహస్య తాళపు మాట కలిపి, ఆ రెంటికీ కలిపి హ్యాష్ వేస్తారు. తాళపు మాట నెట్‌వర్కు నిర్వాహకుల దగ్గరే ఉంటుంది. అది తెలియనివాడు 429 కోట్ల చిరునామాలు ప్రయత్నించినా సరిపోల్చడానికి ఏమీ దొరకదు. అన్‌రియల్ ఐఆర్‌సీడీ అనే సర్వర్ సాఫ్ట్‌వేర్‌లో ఇలాంటి మాటలు మూడు పెట్టాలి, అవీ చాలా పొడవుగా ఉండాలి. నెట్‌వర్కులోని సర్వర్లన్నిట్లో అవే ఉండాలి. ఒక్క సర్వర్లో తేడా వచ్చినా ఒకే మనిషి ఒక్కోచోట ఒక్కో ముసుగులో కనిపిస్తాడు, బ్యాన్‌లు గల్లంతవుతాయి. తాళపు మాట బయటికి పొక్కిందంటే ఆ నెట్‌వర్కులోని ముసుగులన్నీ ఒకేసారి ఊడినట్టే.

అన్నిటికంటే అందమైన పని ముసుగును ముక్కలు చేయడంలో ఉంది. 203.0.113.57 అనే చిరునామాకు వచ్చే ముసుగు మచ్చుకు ఇలా ఉంటుంది:

4719.8203.5561.ఐపీ

నిజంగా వచ్చే ముక్కలు ఇంకా పొడవు, వాటిలో అంకెలతో పాటు అక్షరాలూ ఉంటాయి. మొదటి ముక్క పూర్తి చిరునామా నుంచి తీసింది. రెండోది మొదటి మూడు సంఖ్యల నుంచి, అంటే 203.0.113 నుంచి. మూడోది మొదటి రెంటి నుంచి. ఇప్పుడు 203.0.113.88 నుంచి ఇంకొకరు వస్తే వాళ్ళ ముసుగు 9036.8203.5561.ఐపీ అవుతుంది. రెండు, మూడు ముక్కలు మారలేదు. దూరంగా 203.0.45.12 నుంచి వచ్చినవాళ్ళకు 1174.6650.5561.ఐపీ వస్తుంది. మూడో ముక్క ఒక్కటే కలిసింది.

ఛానల్ పెద్దకు దీనివల్ల మంచి పనిముట్టు దొరికింది. రౌటర్ ఆపి, మళ్ళీ వేసి, పక్క చిరునామాతో పదే పదే వచ్చే అల్లరివాణ్ణి ఆపాలంటే '*.8203.5561.ఐపీ' అని బ్యాన్ రాస్తే చాలు. ఆ 256 చిరునామాలకూ తలుపు మూసుకుంటుంది. అవి ఏ చిరునామాలో, ఏ ఊరివో ఛానల్ పెద్దకు తెలియదు, తెలియాల్సిన అవసరమూ లేదు. తలుపు కాయడానికి అవసరమైనంతే తెలిసి, అంతకు మించి ఒక్క అక్షరం కూడా తెలియకపోవడమే ఈ పద్ధతి గొప్పదనం.

దీనికి చెల్లించే మూల్యం కూడా ఉంది. మల్లి ఊరు పేరు చెప్పదు. ఆమె స్నేహితురాలు మాత్రం తనది గుడియాత్తం అని ఛానల్లో బాహాటంగా చెబుతుంది. ఇద్దరి ముసుగుల్లోనూ చివరి రెండు ముక్కలూ ఒకటే అయితే, చూసేవాడు మల్లి ఊరు ఊహించడానికి ఆధారం దొరికినట్టే. పొరుగును బ్యాన్ చేయగలిగే వీలే, ఎవరు ఎవరికి పొరుగో చెప్పే వీలు కూడా.

అందుకే కొన్ని నెట్‌వర్కులు ఇంకో దారి పట్టాయి. అండర్‌నెట్, క్వేక్‌నెట్‌లలో ముందు ఖాతా తెరిచి, లాగిన్ అయ్యి, 'ఎక్స్' అనే మోడ్ పెట్టుకుంటే హోస్ట్ స్థానంలో ఖాతా పేరు, దాని వెనక నెట్‌వర్కు పేరు కనిపిస్తాయి. లిబెరా చాట్‌లో 'యూజర్/మల్లి' తరహా ముసుగులున్నాయి. వికీమీడియా ప్రాజెక్టుల్లో పనిచేసేవాళ్ళకు 'వికీమీడియా/పేరు' అనే ముసుగు దొరుకుతుంది. నిర్వాహకుల అనుమతితో కోరిన పేరు పెట్టుకునే వీహోస్ట్ పద్ధతి కూడా చాలాచోట్ల ఉంది. వీటిలో చిరునామా ఛాయ కూడా మిగలదు. బ్యాన్ కూడా చిరునామాను వదిలి ఖాతా మీద పడుతుంది.

చిల్లులు ఎక్కడ పడతాయి

మొదటి చిల్లు వరుస క్రమంలో. చాలామంది తమ ప్రోగ్రాం తెరవగానే ఛానల్లోకి దానంతటదే చేరేలా పెట్టుకుంటారు. ఖాతా ముసుగులున్న నెట్‌వర్కుల్లో లాగిన్ పూర్తయ్యాకే ముసుగు పడుతుంది. ఛానల్లో చేరడం ఒక్క సెకను ముందు జరిగితే అసలు చిరునామా అందరి తెరల మీదా పడిపోతుంది, వాళ్ళ లాగ్‌లలో నిలిచిపోతుంది. దీనికి మందు సాసిల్ అనే పద్ధతి. అందులో కనెక్షన్ కుదిరే సమయంలోనే లాగిన్ పూర్తవుతుంది. ఐఆర్‌సీ వాడేవాళ్ళు అన్నిటికంటే ముందు సరిచేసుకోవలసింది ఇదే.

రెండో చిల్లు డీసీసీ. ఇద్దరి మధ్య ఫైళ్ళు నేరుగా పంపుకునే ఈ పద్ధతిలో సర్వర్‌కు పాత్ర లేదు. పంపేవాళ్ళ ప్రోగ్రాం తన చిరునామాను సందేశంలోనే ఒకే పెద్ద సంఖ్యగా రాసి అవతలికి ఇస్తుంది. 203ను 1,67,77,216తో గుణించి, 113ను 256తో గుణించి, చివరి 57 కలిపితే 3405803833 వస్తుంది. రెండో స్థానంలో సున్నా ఉంది కాబట్టి అది లెక్కలోకి రాదు. చూడ్డానికి అర్థంలేని అంకెల్లా ఉన్నా, భాగహారం తెలిసిన ఎవరైనా అందులోంచి 203.0.113.57ను అరనిమిషంలో బయటికి తీస్తారు.

మూడోది లింకులు. ఛానల్లో ఎవరో ఫొటో లింకు ఇస్తారు. దాన్ని నొక్కితే మన కంప్యూటరు ఆ ఫొటో ఉన్న సర్వర్‌ను నేరుగా పలకరిస్తుంది. ఆ సర్వర్ లింకు ఇచ్చినవాడి చేతిలోనే ఉంటే చిరునామా అతని చేతిలో పడింది. చాట్ నెట్‌వర్కు వేసిన ముసుగు ఆ నెట్‌వర్కు గోడల మధ్యే పనిచేస్తుంది.

నాలుగోది మన నోరే. 33 ప్రశ్నల లెక్కలో మల్లి అయిదు వివరాలూ తనంతట తాను చెప్పినవి.

తాళం ఎవరి చేతిలో ఉంది?

ముసుగు సాటి సభ్యుల నుంచి దాస్తుంది. సర్వర్ నడిపేవాళ్ళకు అసలు చిరునామా కనబడుతూనే ఉంటుంది. అది తెలియకపోతే సమాచారం మనకు తిరిగి పంపనేలేరు. కాబట్టి ఎవరి నుంచి దాచుకుంటున్నామో, ఎవరిని నమ్ముతున్నామో స్పష్టంగా తెలిసి ఉండాలి.

ఆ నమ్మకం ఎంత బరువైనదో 2021 మేలో తెలిసొచ్చింది. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ రూపకర్తలకు ఏళ్ళ తరబడి నెలవైన ఫ్రీనోడ్ నెట్‌వర్కు ఎవరి అధీనంలో ఉండాలన్న వివాదంలో స్వచ్ఛంద నిర్వాహకులు మూకుమ్మడిగా తప్పుకున్నారు. మే 19న లిబెరా చాట్ మొదలుపెట్టారు. వికీమీడియా, ఉబుంటు వంటి పెద్ద ప్రాజెక్టులు అటే వెళ్ళాయి. సభ్యులు ఒక్క మీట నొక్కకుండానే, తమ చిరునామాలు చూడగలిగేవాళ్ళు మారిపోయారు.

మన సమాచారాన్ని తన సర్వర్ మీదుగా పంపే వీపీఎన్ పెట్టుకుంటే చాట్ సర్వర్‌కు కూడా మన చిరునామా తెలియదు, వీపీఎన్ కంపెనీకి తెలుస్తుంది. నమ్మకం ఒకరి నుంచి ఇంకొకరికి చేతులు మారింది. మన దేశంలో ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం వీపీఎన్ సంస్థలు వాడకందారుల పేర్లు, చిరునామాలు అయిదేళ్ళు భద్రపరచాలి. దాంతో కొన్ని కంపెనీలు తమ సర్వర్లను భారత్ నుంచి తీసేశాయి. టార్ నెట్‌వర్కు నమ్మకాన్ని ముక్కలు చేస్తుంది. సమాచారం మూడు మజిలీల మీదుగా వెళుతుంది. మొదటి మజిలీకి మనమెవరో తెలుసు, ఎక్కడికి పోతున్నామో తెలియదు. చివరిదానికి ఎక్కడికో తెలుసు, ఎవరో తెలియదు.

నేరం జరిగితే పోలీసులు చట్టప్రకారం నెట్‌వర్కునూ ఇంటర్నెట్ కంపెనీనీ అడిగి వివరాలు తీసుకుంటారు. సాధారణ ముసుగు దానికి అడ్డు రాదు. ఛానల్లోని వెయ్యి మంది అపరిచితులకు మాత్రం ఆ అధికారం లేదు, ఉండకూడదు. 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం గోప్యతను ప్రాథమిక హక్కుగా గుర్తించింది. ఆ హక్కు రాజ్యాంగంలో ఉంటే సరిపోదు, ప్రోగ్రాములో కూడా ఉండాలి.

అడగకుండానే ఇవ్వాలి

ఐఆర్‌సీ దాటి చూస్తే ఇదే కథ అన్నిచోట్లా నడిచింది. స్కైప్ వాడకందారుల చిరునామాలను బయటికి లాగే సైట్లు కొన్నేళ్ళు నడిచాక, 2016 జనవరిలో ఆ కంపెనీ చిరునామాను ముందే దాచేలా మార్చింది. వికీపీడియాలో లాగిన్ కాకుండా దిద్దుబాటు చేస్తే పేరు బదులు ఐపీ చిరునామా చరిత్ర పేజీలో పడి, లోకమంతా చూసేలా ఉండిపోయేది. తెలుగు వికీపీడియాలోనూ అంతే. పేరు చెప్పనివాళ్ళే అందరికంటే ఎక్కువ బయటపడ్డారు. 2024 నుంచి దశలవారీగా వికీలలో దాని స్థానంలో తాత్కాలిక ఖాతా పేరు చూపిస్తున్నారు.

వాట్సాప్‌లో ఇద్దరి మధ్య కాల్ వీలైనప్పుడు నేరుగా ఫోన్ నుంచి ఫోన్‌కు వెళుతుంది. మాట స్పష్టంగా వినబడడానికి అది మంచిదే. కానీ అవతలివాళ్ళ ఫోన్‌కు మన చిరునామా అందుతుంది. 2023 నవంబరులో దీన్ని ఆపే సదుపాయం వచ్చింది. సెట్టింగ్స్‌లో ప్రైవసీ, అందులో అడ్వాన్స్‌డ్ తెరిస్తే కాల్స్‌లో ఐపీ చిరునామాను కాపాడే మీట ఉంటుంది. అది వేస్తే కాల్ వాట్సాప్ సర్వర్ మీదుగా వెళుతుంది. నాణ్యత కాస్త తగ్గవచ్చు. గ్రూప్ కాల్స్ ఎలాగూ సర్వర్ మీదుగానే వెళతాయి.

ఆ మీట ఉందని ఎంతమందికి తెలుసు? దాచుకోవలసిన అవసరం ఎవరికి ఎక్కువో వాళ్ళకే ఇలాంటివి తెలిసే అవకాశం తక్కువ. ఇరవై నాలుగు ప్రశ్నల దూరంలో ఉన్న మహానగరపు ఇంజనీరు సెట్టింగులన్నీ తిరగేసి మీట వేసుకుంటాడు. పదిహేడు ప్రశ్నల దూరంలో ఉన్న ఊరి అమ్మాయికి అలాంటిది ఒకటుందని చెప్పేవాళ్ళు ఉండరు. పైగా అడిగినవాళ్ళకే ముసుగు ఇస్తే, ముసుగు ఉన్నవాళ్ళంతా ఏదో దాస్తున్నారన్న అనుమానం పుడుతుంది. అందరికీ ఉంటే ఎవరినీ వేలెత్తి చూపనక్కర్లేదు.

మూడు ముక్కల ముసుగు చేసి చూపించింది ఒకటుంది. తలుపు కాయడానికీ, మనిషిని కాపాడడానికీ మధ్య ఏదో ఒకటే ఎంచుకోవాల్సిన పని లేదు. ఆ లెక్క ఏళ్ళ కిందటే తేలింది. దాన్ని వాడకందారు వెతికి పెట్టుకునే సదుపాయంగా వదిలేయకుండా, మొదటి రోజు నుంచే అమర్చి ఇవ్వడం చాట్ నెట్‌వర్కు కట్టే ప్రతి ఒక్కరి బాధ్యత. అది జరిగేదాకా, తెలిసినవాళ్ళు తెలియనివాళ్ళ ఫోన్ తీసుకుని ఆ మీట వేసిపెట్టాలి.